ఇంటి కంప్యూటరుకు కాపలా

గరివిడి, చీపురుపల్లి, రాజాం వంటి ఊళ్లలో ఇంటి కంప్యూటరు కుటుంబం మొత్తానికీ కాగితాల బీరువాగా మారి చాలా కాలమైంది. పిల్లల పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, పొలం పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆధార్, పాన్ కార్డుల స్కాన్ ప్రతులు, ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో పనిచేసి విరమించిన పెద్దాయన భవిష్యనిధి లెక్కలు, పశువైద్య కళాశాల విద్యార్థి ప్రాజెక్టు నివేదిక, ఇరవై ఏళ్ల నాటి పెళ్లి ఫొటోలు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉంటాయి. బ్యాంకు ఖాతాకు దారి కూడా అందులోంచే ఉంటుంది. హ్యాకర్ అనే మాట వినగానే, మహా మేధావి అయిన దొంగ ఒకడు రాత్రింబవళ్లు శ్రమించి ఈ బీరువా తాళం పగలగొడుతున్న దృశ్యం జనం మనసులో మెదులుతుంది. వాస్తవం అంతకంటె చాలా సామాన్యమైనది. ఇళ్లలోని కంప్యూటర్లకు జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం, రేపు చేద్దాంలే అని ఇంటివారు వాయిదా వేసిన చిన్న పనుల వల్లనో, తెలియనివారిని నమ్మి తీసిన తలుపుల గుండానో జరుగుతున్నవే. అందుచేతనే సాంకేతిక విద్య లేని కుటుంబం సైతం వాటిని చాలావరకు నివారించుకోగలదు.

ముందుగా కొన్ని మాటల అర్థాలు తెలుసుకోవాలి. కంప్యూటరు చేసే ప్రతి పని వెనుక ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. అంటే యంత్రం వరుసగా పాటించవలసిన ఆదేశాల పట్టిక. హాని చేయడం కోసమే రాసిన ప్రోగ్రాములన్నిటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. వాటిలో వైరస్ అనేది వేరొక ఫైలుకు అంటుకుని ఉండి, ఎవరైనా ఆ ఫైలును తెరిచినప్పుడు మేలుకుని, మరికొన్ని ఫైళ్లకు తన నకలును అంటిస్తుంది. వార్మ్, అంటే పురుగు, ఎవరూ ఏమీ తెరవకపోయినా నెట్‌వర్కు వెంట ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి తనంతట తానే పాకిపోతుంది. ట్రోజన్ అనేది సినిమాగానో, ఆటగానో, బిల్లుగానో, ఉద్యోగపు ఉత్తర్వుగానో వేషం కట్టి వచ్చి ఇంటివారి చేతనే తలుపు తీయించుకుంటుంది. అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధక విద్యార్థి 1983లో ఇటువంటి ప్రోగ్రామును రాసి ప్రదర్శించిన నాటి నుంచి వైరస్ అనే పేరు స్థిరపడింది. వ్యక్తిగత కంప్యూటర్లలో దేశదేశాలకూ వ్యాపించిన తొలి వైరస్సుల్లో ఒకటైన బ్రెయిన్ 1986లో మన ఉపఖండంలోనే, లాహోరులో, పుట్టింది. దానిని రాసిన అన్నదమ్ములిద్దరూ తమ సాఫ్ట్‌వేరును దొంగచాటుగా కాపీ చేసుకునేవారిని పట్టుకోవడానికే అలా చేశామని చెప్పుకున్నారు. తమ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా అందులోనే రాసిపెట్టారు. ఫ్లాపీ డిస్కుల మీద చేతులు మారుతూ అది సముద్రాలు దాటిపోయింది. ఆనాటి రచయితలు తమ చిరునామా రాసుకోగా, ఈనాటి మాల్‌వేర్ వెనుక ఉన్నవారు చిరునామా దాచుకుని డబ్బు మాత్రమే అడుగుతున్నారు.

ఆ అడగడం ఎలా ఉంటుందో ఉత్తరాంధ్ర స్వయంగా చూసింది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. రాన్సమ్ అంటే కిడ్నాప్ చేసినవాడు అడిగే సొమ్ము. రాన్సమ్‌వేర్ యంత్రంలోకి దూరగానే ఫైళ్లను ఎత్తుకుపోదు; ఉన్నచోటనే ఉంచి, గణిత సూత్రంతో వాటిలోని అక్షరాలనూ బొమ్మలనూ ఎవరూ చదవలేని విధంగా కలగాపులగం చేసి, తిరిగి సరిచేసే తాళంచెవిని మాత్రం తన దగ్గర ఉంచుకుంటుంది. ఎర్రటి తెర ఒకటి ప్రత్యక్షమై, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్‌ను, అంటే ఏ బ్యాంకు అదుపులోనూ లేని డిజిటల్ నాణేన్ని, గడువులోగా చెల్లించాలని బెదిరిస్తుంది. వానాక్రైకి వార్మ్ స్వభావం కూడా ఉన్నందువల్ల కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కంప్యూటర్లు కూడా చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో దీని బారిన పడ్డాయి. వాటి సంఖ్య వంద దాటిందని ఆనాటి పత్రికలు రాశాయి. విండోస్‌తో నడిచే విడి కంప్యూటర్లే దెబ్బతిన్నాయని, వాటిని వాడకం నుంచి తప్పించామని అప్పటి డీజీపీ సాంబశివరావు ప్రకటించారు.

ఈ ఘటనలో అందరూ గమనించవలసిన విషయం దాడి తీవ్రత కన్నా తేదీలలో ఉంది. విండోస్‌లో ఒక యంత్రం మరొక యంత్రంతో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఒక లోపం ఉండేది. ఆ లోపాన్ని ముందుగా కనిపెట్టిన అమెరికా గూఢచారి సంస్థ దానిని తన అవసరాలకు రహస్యంగా దాచుకోగా, ఆ రహస్యం చేజారి 2017 ఏప్రిల్‌లో బట్టబయలైంది. అయితే మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు ముందే, మార్చి 14న, ఆ లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. ప్యాచ్ అంటే అతుకు; చిరిగిన గొడుగుకు గుడ్డముక్క వేసి కుట్టినట్టు ప్రోగ్రాములోని లోపాన్ని మూసివేసే చిన్న సవరణ. ఇటువంటి సవరణల మూటనే అప్‌డేట్ అంటారు. మార్చి 14 నుంచి మే 12 వరకు 59 రోజులు. మందు దుకాణంలో 59 రోజులు ఉచితంగా దొరికిన తరువాత జబ్బు వచ్చింది. మందు వేసుకున్న యంత్రాలలోకి వానాక్రై ఆ దారిన అడుగుపెట్టలేకపోయింది. ఒక బ్రిటిష్ యువ పరిశోధకుడు, ఆ పురుగు ప్రతిసారీ ఒక వింత వెబ్ చిరునామా ఉందో లేదో చూసుకుంటున్నదని గమనించి, ఆ చిరునామాను తన పేర నమోదు చేయగానే దాని వ్యాప్తి చాలావరకు ఆగిపోవడం లోకానికి కలిసివచ్చిన అదృష్టం. ఇంటి భద్రతను అటువంటి అదృష్టానికి వదిలిపెట్టడం ఎవరికీ తగదు.

కంప్యూటరు కుడివైపు మూలన అప్‌డేట్ సిద్ధంగా ఉందన్న మాట కనిపించినప్పుడు, తరువాత గుర్తు చేయి అనే మీట నొక్కే అలవాటు దాదాపు అందరిలోనూ ఉంది. మొబైల్ డేటా అయిపోతుందని కొందరు, మధ్యలో కరెంటు పోతే యంత్రం చెడిపోతుందని కొందరు, అప్‌డేట్ చేస్తే సిస్టమ్ స్లో అవుతుందని ఎవరో చెప్పారని మరికొందరు దానిని తోసివేస్తారు. ఈ భయాలలో కరెంటు భయానికి కొంత ఆధారం ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జింగు నిండుగా ఉన్నప్పుడో, యూపీఎస్ ఉన్నప్పుడో ఆ పని పెట్టుకుంటే సరిపోతుంది. మిగిలిన వాయిదాలకు సమర్థన లేదు. ఒక సంగతి మాత్రం తప్పక తెలుసుకోవాలి: ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, అంటే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాముకూ, తయారీదారు నిర్ణయించిన ఆయుర్దాయం ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తరువాత కూడా యంత్రం ఎప్పటిలాగే వెలుగుతుంది, సినిమా చూపిస్తుంది, పద్దులు రాస్తుంది; కొత్తగా బయటపడే లోపాలకు అతుకు వేసేవారు మాత్రం ఉండరు. విండోస్ 10 వాడే ఇళ్లకు ఆ తేదీ నుంచి ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఉన్నది కనుక, ఈలోగా యంత్రం విండోస్ 11కు తగినదో కాదో చూసుకోవాలి. తగదని తేలినా పారవేయనక్కరలేదు. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పాత యంత్రాల మీద కూడా చక్కగా నడుస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దానికి తెలుగు రూపం కూడా తయారు చేసింది.

ఆయుర్దాయం తీరిన విండోస్ కంటె ప్రమాదకరమైనది దొంగ విండోస్. కంప్యూటరు మొరాయించినప్పుడు దగ్గరలోని దుకాణానికి తీసుకుపోయి ఫార్మాట్ కొట్టించి కొత్తగా ఓఎస్ వేయించడం చిన్న పట్టణాల్లో మామూలు వ్యవహారం. ఆ వేసినది అసలుదో కాదో అడిగేవారు తక్కువ. లైసెన్సు కొనకుండా నడిపించడానికి వాడే క్రాక్ అనే ప్రోగ్రాము, తాను పనిచేయాలంటే యాంటీవైరస్‌ను ఆపివేయమని ముందుగానే చెబుతుంది. కాపలావాడిని ఇంటికి పంపించిన తరువాతనే లోపలికి వస్తానన్న అతిథిని ఏ ఇల్లాలూ గడప దాటనివ్వదు. కంప్యూటరు విషయంలో మాత్రం ఆ షరతుకు చదువుకున్నవారు సైతం తల ఊపుతున్నారు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లు, తెలుగు డీటీపీ ఫాంట్లు, ఆటలు వేటికైనా ఇదే వర్తిస్తుంది. కొత్త సినిమాలను ఉచితంగా చూపించే దొంగ వెబ్‌సైట్ల సంగతీ అంతే. అటువంటి పేరుమోసిన సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్ పోలీసులు 2025 నవంబరులో అరెస్టు చేసినప్పుడు, ఆ సైటు ద్వారా ప్రేక్షకులను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించిన తీరు చర్చకు వచ్చింది. టిక్కెట్టు డబ్బులు మిగిలాయనుకున్న ఇంటివారు చెల్లించేది వేరే రూపంలో ఉంటుంది.

మన జిల్లాల్లో ఇప్పటికీ చాలా అంటులకు వాహకం పెన్‌డ్రైవు. ఒక డిగ్రీ విద్యార్థి హాల్ టికెట్ ప్రింటు తీసుకోవడానికి జిరాక్స్ దుకాణానికి వెళ్లినప్పుడు అక్కడి కంప్యూటరులో జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూడవలసి ఉంది. ఆ యంత్రంలోకి రోజుకు పదుల సంఖ్యలో పెన్‌డ్రైవులు దూరి వస్తుంటాయి. విద్యార్థి ఇంటికి వచ్చి తన పెన్‌డ్రైవును పెట్టి తెరిస్తే, ఉదయం కనిపించిన నాలుగైదు ఫోల్డర్ల స్థానంలో డ్రైవు పేరుతోనే ఒకే ఒక బొమ్మ, ఎడమ మూలన చిన్న వంపు బాణం గుర్తుతో, కనిపిస్తుంది. దాన్ని నొక్కితే లోపల ఫోల్డర్లన్నీ ఎప్పటిలాగే ఉంటాయి కనుక విద్యార్థి ఊపిరి పీల్చుకుని పని చూసుకుంటాడు. అసలు జరిగినది వేరు: అసలు ఫోల్డర్లను వైరస్ కంటికి కనబడకుండా దాచివేసింది, ఆ బాణం గుర్తు బొమ్మ షార్ట్‌కట్, అంటే వేరొకదాన్ని పిలిచే పిలుపు మాత్రమే. ఆ ఒక్క నొక్కుతో ఫోల్డర్లు తెరుచుకోవడంతోపాటు వైరస్ కూడా మొదలై ఇంటి కంప్యూటరులో కాపురం పెట్టింది. రేపు ఆ ఇంట్లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవూ, చెల్లెలిది గానీ పక్కింటివారిది గానీ, అదే బాణం గుర్తును మోసుకుపోతుంది. అందువల్ల బయటి నుంచి వచ్చిన పెన్‌డ్రైవును తెరవడానికి ముందు, దాని పేరు మీద మౌసు కుడి మీట నొక్కి యాంటీవైరస్‌తో స్కాన్ చేయించడం తప్పనిసరి అలవాటు కావాలి. ప్రింటు కోసమే అయితే ఫైలును ఈమెయిలులో పంపించి పెన్‌డ్రైవును ఇంట్లోనే ఉంచడం ఇంకా మేలు. భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో వైరస్‌లను తొలగించే ఉచిత సాధనాలు దొరుకుతాయి.

మరొక దారి ఈమెయిలు. నమ్మదగిన సంస్థ పేరుతో ఎర వేసి, లింకు నొక్కించడమో ఫైలు తెరిపించడమో చేసే మోసాన్ని ఫిషింగ్, అంటే గాలం వేయడం, అంటారు. హైదరాబాదులోని మహేష్ సహకార బ్యాంకు మీద 2022 జనవరిలో జరిగిన దాడిలో దాదాపు 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఇతర ఖాతాలకు తరలిపోయాయి. ఆ దోపిడీకి మూలం అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన సుమారు 200 గాలపు ఈమెయిళ్లని పోలీసుల దర్యాప్తులో తేలింది. అన్నింటినీ నొక్కనక్కరలేకపోయింది, ఇద్దరు ఉద్యోగులు నొక్కడమే చాలింది. ఆ నొక్కుతో లోపలికి వచ్చిన ట్రోజన్ నెలల తరబడి చడీచప్పుడు లేకుండా కూర్చుని, కీబోర్డు మీద ఎవరు ఏ అక్షరం కొడుతున్నారో చూసి పాస్‌వర్డులు నేర్చుకుంది. ఇంటి కంప్యూటరులో దూరినది కూడా ఇలాగే చేస్తుంది. దొంగ వచ్చిన మరుక్షణమే చప్పుడు చేస్తాడని అనుకోవడం పొరపాటు.

ఈమెయిలులో వచ్చిన ఫైలు నిజంగా ఏమిటో తెలుసుకోవడానికి దాని పేరు చివరి భాగాన్ని చూడాలి. ఫైలు పేరులో చుక్క తరువాత వచ్చే మూడు నాలుగు అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. మనిషి పేరుకు ఇంటిపేరు వంటిది అది. పీడీఎఫ్ అని ఉంటే చదువుకునే పత్రం, జేపీజీ అని ఉంటే ఫొటో, ఈఎక్స్ఈ అని ఉంటే ప్రోగ్రాము. విండోస్ ఈ ఇంటిపేరును మామూలుగా దాచిపెడుతుంది. ఆ అవకాశాన్ని వాడుకుని మోసగాడు కరెంటుబిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అని పేరు పెట్టి పంపిస్తే, తెర మీద కరెంటుబిల్లు డాట్ పీడీఎఫ్ వరకే కనిపించి, తెరిచినవారు ప్రోగ్రామును నడిపినవారవుతారు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ అనే మెనూకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడిలో టిక్కు పెడితే ఈ ముసుగు శాశ్వతంగా తొలగిపోతుంది. అర నిమిషం పట్టే ఈ పని చేసిన ఇళ్లు ఎంత తక్కువో తలచుకుంటే బాధ కలుగుతుంది. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వచ్చే ఏపీకే ఫైళ్లు ఫోనుకు సంబంధించిన ఇటువంటి ముసుగులే.

యంత్రంలోకి వచ్చిన చెడ్డ ప్రోగ్రాముకు, దాన్ని తెరిచిన మనిషికి ఎంత అధికారం ఉందో అంతే అధికారం దక్కుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే చాలా విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి. కంప్యూటరు కొన్నప్పుడు ఏర్పడే మొదటి ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా, అంటే ఇంటి యజమాని ఖాతా. ఏ ప్రోగ్రామునైనా వేయడానికీ తీయడానికీ దానికి హక్కు ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆ ఖాతాలోనే ఆటలూ సినిమాలూ పాఠాలూ నడిపిస్తే, పిల్లవాడు తెలియక తెరిచిన ఆట కూడా యజమాని హోదాతోనే యంత్రమంతా తిరుగుతుంది. రోజువారీ వాడకానికి స్టాండర్డ్ ఖాతా వేరుగా పెట్టుకుని, యజమాని ఖాతా పాస్‌వర్డు పెద్దలు తమ దగ్గర ఉంచుకుంటే, కొత్త ప్రోగ్రాము ఏది రాబోయినా అనుమతి అడిగి ఆగుతుంది. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్, ఫైర్‌వాల్ అనే రక్షణ గోడ ముందుగానే ఉంటాయి. అవి ఆన్‌లో ఉండి, తాజాగా ఉంటే సాధారణ కుటుంబానికి చాలు. రెండు యాంటీవైరస్‌లు వేస్తే రెట్టింపు రక్షణ అనుకోవడం సరికాదు. అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఫైబర్ ఇంటర్నెట్ పల్లెల దాకా వచ్చిన తరువాత గోడకు తగిలించిన రూటర్ పెట్టె కూడా ఇంటి ద్వారాలలో ఒకటైంది. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటరు, టీవీ, నిఘా కెమెరా అన్నీ దాని గుండానే బయటికి పోతాయి. బిగించినవారు పెట్టిన అడ్మిన్ అనే పేరు, అదే పాస్‌వర్డు, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన ఇళ్లు అసంఖ్యాకం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇటువంటి మారని పాస్‌వర్డుల పట్టిక ఒకటి పట్టుకుని ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రూటర్లను తన సైన్యంగా మార్చుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి కెమెరా ఒక దాడిలో పాల్గొన్నదన్న సంగతే తెలియదు.

పాస్‌వర్డు గురించి చెప్పుకోవలసినది పొడవు. పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం, ఏపీ 35తో మొదలయ్యే పాత బండి నంబరు వంటివి ఊళ్లో పదిమందికీ తెలిసినవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు, ఉదాహరణకు తాటిముంజ, రైలుగేటు, గోనెసంచి, తంబూరా వంటివి, ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా కలిపి రాస్తే గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం దాదాపు అసాధ్యం. ఇక్కడ చెప్పిన నాలుగు మాటలను మాత్రం ఎవరూ వాడకూడదు. ఈమెయిలుకు, బ్యాంకుకు పెట్టిన పాస్‌వర్డులు మరెక్కడా పెట్టకూడదు, ఎందుకంటే ఎక్కడో ఒక చిన్న షాపింగు సైటు నుంచి దొంగిలించిన పాస్‌వర్డును మోసగాళ్లు ముందుగా ఈమెయిలు మీదనే ప్రయోగిస్తారు. పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే ఓటీపీని, అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెల గుర్తును, కూడా అడిగే రెండంచెల ధృవీకరణను పెట్టుకుంటే, పాస్‌వర్డు పోయినా ఖాతా నిలుస్తుంది.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకనాడు ఏదో ఒకటి తప్పిపోవచ్చు. ఆ రోజు కోసం ఉన్నదే బ్యాకప్, అంటే ముఖ్యమైన ఫైళ్లకు వేరేచోట దాచిన నకలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు చూసిన ప్రాంతానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పైకప్పు ఎగిరిపోయి, ట్రంకుపెట్టెలోని దస్తావేజులు నానిపోతే, నకలు బంధువుల ఇంట ఉన్నవారికీ లేనివారికీ ఎంత తేడాయో ఆ రోజుల్లో తెలిసింది. రాన్సమ్‌వేర్ కూడా అటువంటి తుపానే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: నకలు ఉన్న హార్డ్‌డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించే ఉంచితే, రాన్సమ్‌వేర్ దానిని కూడా కలగాపులగం చేస్తుంది. నెలకొకసారి తగిలించి, నకలు తీసి, వెంటనే విప్పి బీరువాలో పెట్టాలి. అతి ముఖ్యమైన కొన్నింటిని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా అందుబాటులో ఉండే నమ్మకమైన సంస్థ సర్వరులో, మరొక ప్రతిగా ఉంచాలి. ప్రభుత్వపు డిజీలాకర్‌లో మార్కుల జాబితాలు, గుర్తింపు పత్రాలు ఉంచుకోవచ్చు. నకలు ఉన్న ఇంటి ముందు రాన్సమ్‌వేర్ వాడి బెదిరింపు ఉత్తదైపోతుంది. నకలు లేనివారు సైతం డబ్బు చెల్లించకూడదు. చెల్లించినా తాళంచెవి ఇస్తాడన్న హామీ ఏదీ లేదు. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మరికొన్ని సంస్థలతో కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ రాన్సమ్ అనే వెబ్‌సైటులో, పరిశోధకులు ఛేదించిన కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌లకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి.

ఇటీవలి కాలంలో వైరస్ కంటె ఎక్కువగా ఇళ్లను ముంచుతున్నది మనిషి గొంతు. ఏదో వెబ్‌సైటు చూస్తుండగా తెర నిండా ఎర్ర హెచ్చరిక వచ్చి, సైరను మోగుతూ, కంప్యూటరుకు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని ఒక నంబరు కనిపిస్తుంది. అది వెబ్‌పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. బ్రౌజరును మూసివేయడం, వీలుకాకపోతే యంత్రాన్ని ఆపివేయడం తప్ప చేయవలసినది ఏదీ లేదు. ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలివారు మర్యాదగా మాట్లాడి, ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము వేయమంటారు. దూరాన ఉన్నవారు మన తెరను చూస్తూ, మన మౌసును కదిలించగలిగే సాధనం అది. న్యాయంగా వాడితే ఉపయోగకరమైనదే గాని, అపరిచితుడికి ఇస్తే ఇంటి తాళాలగుత్తి చేతికి ఇచ్చినట్టే. దీనిని అడ్డుపెట్టుకుని జరిగే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో కనిపించి డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించే మోసం దీనికి తమ్ముడు. అటువంటి అరెస్టు భారతదేశ చట్టంలోనే లేదు.

ఆ గొంతు ఎవరిదో ఉత్తరాంధ్ర వాసులు తెలుసుకోవడం అవసరం. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారంలో, విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యువకులకు విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశ చూపి, ఏజెంట్లు ఒక్కొక్కరి నుంచి లక్ష రూపాయలకు పైగా వసూలు చేసి, వారిని కంబోడియాకు పంపించారు. అక్కడ చైనా ముఠాలు వారి పాస్‌పోర్టులు లాక్కుని, స్వదేశంలోని జనానికి ఫోన్లు చేసి మోసగించే పనిలో పెట్టాయి. మాట వినని వారిని చీకటి గదుల్లో పెట్టి, తిండి పెట్టలేదని తిరిగివచ్చినవారు చెప్పారు. ఆ నెలలోనే భారతీయులు కొన్ని వందల మంది అక్కడ తిరగబడ్డారు. ఆ తరువాత జట్లు జట్లుగా విశాఖ విమానాశ్రయంలో దిగారు. అవతలి వైపు తీయగా మాట్లాడుతున్న తెలుగు గొంతు చీపురుపల్లి పక్క ఊరి బిడ్డది కావచ్చు, అతడి వెనుక కర్ర పట్టుకున్నవాడు నిలబడి ఉండవచ్చు. కంప్యూటరు భద్రత ఎక్కడో ఉన్న నిపుణుల సమస్య అనుకోవడానికి ఈ జిల్లాలకు ఇక వీలు లేదు. దోచుకోబడినవారూ, దోచుకోవడానికి బలవంతంగా నియమించబడినవారూ ఇక్కడివారే.

నష్టం జరిగిపోయిందని తెలిసిన క్షణాన చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి. ముందుగా ఇంటర్నెట్ వైరు పీకాలి లేదా వైఫై ఆపాలి. దానితో దొంగకు దారి తెగుతుంది. పాస్‌వర్డులను ఆ కంప్యూటరు మీద కాకుండా వేరొక మంచి యంత్రం మీద మార్చాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఆ జాతీయ సహాయ కేంద్రానికి సంగతి ఎంత త్వరగా చేరితే, సొమ్ము దొంగ చేతిలో నగదుగా మారకముందే మధ్యలోని ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. తప్పు తమది గాని బ్యాంకుది గాని కాని సందర్భంలో మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులై ఉత్తర్వు చెప్పింది. ఓటీపీ చెప్పి పోగొట్టుకున్నవారికి మాత్రం బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం తమదే. సిగ్గుపడి దాచిపెట్టడం వల్ల దొంగకు కావలసిన వ్యవధి దొరుకుతుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం ఇటువంటి మోసం నేరం, మోసపోయినవారు బాధితులు. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే మిగిలినవారు వారిని తిట్టకుండా ఫోను చేతికి అందించాలి.

శ్రోతలు 1930 అనే నాలుగంకెలను గోడ మీది క్యాలెండరులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలని, ఈ రాత్రి కంప్యూటరును ఆపేటప్పుడు అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ అన్న మాట కనిపిస్తే రేపటికి వదలకుండా దానినే నొక్కాలని విన్నపం.